రాత్రి రెండింటికి ఎవరికి ఫోన్ చేయాలి?

ప్రశ్న: అక్కా, ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో ఎమ్మెస్సీ చదువుతున్నాను. మా రూమ్మేట్‌కి పది రోజులుగా నిద్ర లేదు, తిండి సరిగ్గా లేదు. రాత్రిళ్లు ‘నేనుండి ఏం లాభం’ అంటున్నాడు. జీపీ (ఇక్కడి ఫ్యామిలీ డాక్టరు) అపాయింట్‌మెంట్ రెండు వారాల తర్వాత దొరికింది. డాక్టరుకు చెబితే వీసాకి ఇబ్బందవుతుందని వాడి టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: తమ్ముడూ, ఆ రెండు వారాలు ఆగొద్దు. ఇవాళే, అర్ధరాత్రయినా సరే, 111కి ఫోన్ చేసి 2 నొక్కండి. ఇంగ్లండ్‌లో మానసిక ఆరోగ్యం కోసం 24 గంటలూ పనిచేసే ఎన్‌హెచ్ఎస్ (ప్రభుత్వ వైద్య సేవ) లైను అది. అతని తరఫున మీరూ చేయొచ్చు. ఏమైనా మింగాడనో, ప్రాణం మీదికి తెచ్చుకుంటాడనో అనిపిస్తే మాత్రం ఎమర్జెన్సీ నంబరు 999కి చేయండి, లేదా ఏ అండ్ ఈకి, అంటే ఆసుపత్రి ఎమర్జెన్సీ విభాగానికి, తీసుకెళ్లండి. ఒంటరిగా వదలొద్దు. ‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని మనవాళ్లు భయపడతారు. అలా జరగదు. అడిగే మనిషి ఒకరున్నారని తెలిస్తే గుండె బరువు కొంత దిగుతుంది.

ఇది నేను పడి తెలుసుకున్న సంగతి. 2011లో మా పాప పుట్టింది. అమ్మ వీసా గడువు అయిపోయి గుంటూరు వెళ్లిపోయింది. ఆ చలికాలం రాత్రి రెండింటికి పాపను ఒళ్లో పెట్టుకుని వంటింటి నేల మీద కూర్చున్నాను. అక్కడ ఉదయం ఏడున్నర, అమ్మ కాఫీ కలుపుకునే వేళ. ఫోన్ చేస్తే కంగారుపడుతుందని చేయలేదు. సర్జరీ, అంటే జీపీ క్లినిక్, సాయంత్రం ఆరున్నరకే మూసేశారు. చివరికి మా ఆయన ఏ అండ్ ఈకి తీసుకెళ్లారు. తెల్లారేదాకా ట్యూబులైటు కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాం. నాకు వచ్చిన ఇంగ్లీషంతా ఆఫీసు ఇంగ్లీషే, లోపల జరుగుతున్నది అందులో చెప్పడం చేతకాలేదు. ఇండియన్ అనగానే హిందీ దుభాషిని ఫోన్లోకి తెచ్చారు. ‘మనసు బాగోలేదు’ అన్న ఒక్క మాట ఎవరికీ చేర్చలేకపోయాను.

అందుకే చెబుతున్నాను, ‘తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలి’ అని భాష పేరుతో అడగండి. ఎన్‌హెచ్ఎస్‌లో దానికి మనం డబ్బు కట్టక్కర్లేదు. రూమ్మేట్లు, చుట్టాలు అనువదించకపోవడమే మంచిది, మన ముందు అతను సగం దాచేస్తాడు.

వీసా భయం పెట్టుకోవద్దని చెప్పండి. డిప్రెషన్‌కి వైద్యం చేయించుకున్నంత మాత్రాన స్టూడెంట్ వీసా పోదు. ప్రాణాపాయం లాంటి సందర్భాల్లో తప్ప డాక్టరు అతని విషయం ఎవరికీ చెప్పకూడదు. క్లాసులకు చెప్పకుండా మానేస్తేనే చిక్కు, స్పాన్సర్ చేసిన యూనివర్సిటీ హాజరు చూస్తుంది. కాబట్టి స్టూడెంట్ సపోర్ట్‌కి ముందే ఒక మెయిల్ పెట్టించండి. ఏడాదికి 776 పౌండ్ల హెల్త్ సర్‌చార్జి కట్టే వచ్చారు కదా, డాక్టరు దగ్గరికి వెళ్లడానికి మొహమాటమెందుకు?

కొన్ని ఊళ్లలో క్రైసిస్ కెఫేలు, సేఫ్ హేవెన్‌లు ఉన్నాయి, మనసు బాగోలేనప్పుడు వెళ్లి కూర్చునే చోట్లు. ఆల్డర్‌షాట్‌లో 2014లో మొదలైనది అలాంటిదే. సాయంత్రాలు, శని ఆదివారాలు తెరిచి ఉంటాయి. చాలాచోట్ల అపాయింట్‌మెంట్ లేకుండానే వెళ్లొచ్చు. ‘పీర్ సపోర్ట్ వర్కర్’ అనే మనిషి ఒక కప్పు టీ ఇచ్చి పక్కన కూర్చుంటారు. ఆ మనిషీ ఒకప్పుడు ఇదే బాధ దాటి వచ్చినవారు. నాకు కోలుకునే దారి అలాంటి ఒకావిడ దగ్గరే మొదలైంది. ‘నాకూ ఇలాగే అయింది’ అని ఆవిడ అన్నప్పుడు, నెలల తర్వాత మొదటిసారి ఏడవగలిగాను.

ఇప్పుడు మా ప్రాంతపు ట్రస్టు (ఎన్‌హెచ్ఎస్ సేవలు నడిపే సంస్థ) పిలిచే పేషెంట్ల సమావేశాలకు వెళ్తున్నాను. వేళలు, కుర్చీలు, దుభాషుల గురించి అక్కడ మాట్లాడతాను. ఆ రాత్రి ఎలా గడిచిందో గడిపినవాళ్లే చెప్పాలి. మీ ఫ్రెండ్ కోలుకున్నాక, ఇష్టమైతే, అతన్నీ తన ట్రస్టులో అలాంటి చోటికి వెళ్లమనండి. మన భాష మాట్లాడేవాళ్లు ఆ టేబుల్ దగ్గర చాలా తక్కువ.

ముందు ఈ రాత్రి సంగతి. 111తో పాటు, బాధలో ఉన్నవాళ్ల మాట వినే సమారిటన్స్ అనే స్వచ్ఛంద సంస్థ నంబరు 116 123 కూడా సేవ్ చేసుకోండి, అదీ 24 గంటలూ ఉచితమే. వేడిగా కాస్త పెరుగన్నం పెట్టి, పక్కన కూర్చుని ఫోన్ కలపండి. ఎలా ఉన్నాడో రేపు నాకు రాయండి.