పోటీ చేయాలనుకుంటున్న మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి,

నీ ఉత్తరం అందింది. సైన్యంలో పద్దెనిమిదేళ్ల సర్వీసు ముగించుకుని వచ్చే నెల ఇంటికి వస్తున్నావనీ, ఈసారి అసెంబ్లీకి నిలబడాలని ఉందనీ రాశావు. మీ అమ్మ కంగారు పడుతోంది. నేను మాత్రం సంతోషించాను.

డిశ్చార్జి కాగితాలు చేతికి వచ్చేదాకా ఏ పార్టీ కండువా భుజాన వేసుకోకు. సర్వీసులో ఉన్నవాడికి రాజకీయం కూడదని నీకు తెలుసు. కానీ మనవాళ్లు ప్రేమకొద్దీ ఫోటోలకు లాగుతారు. వచ్చాక కూడా యూనిఫాం బొమ్మతో ఫ్లెక్సీలు కట్టించకు. సైనికుల ఫోటోలు ప్రచారంలో వాడవద్దని 2019లో ఎన్నికల సంఘం పార్టీలకు మరోసారి గుర్తు చేసింది. అది చెప్పకపోయినా నేను వద్దనే అంటాను. ఆ బట్టలు నీ పక్కన కాపలా కాసిన వాళ్లందరివీ.

మన కోదాడ సంగతే చూడు. ఉత్తమ్‌కుమార్‌రెడ్డి వైమానిక దళంలో మిగ్ విమానాలు నడిపి, రాష్ట్రపతి భవన్‌లో పనిచేసి వచ్చి 1994లో ఇక్కడ నిలబడ్డారు. ఓడిపోయారు. 1999లో గెలిచారు, 2004లోనూ గెలిచారు. తర్వాత హుజూర్‌నగర్‌కు మారి 2009, 2014, 2018లో నెగ్గారు. 2019లో నల్లగొండ ఎంపీ. 2023లో తిరిగి ఎమ్మెల్యే, ఆపైన నీటిపారుదల మంత్రి. ఆయన పార్టీ నీకు నచ్చుతుందా లేదా అన్నది పక్కన పెట్టు. నిన్ను చూడమంటున్నది 1994కూ 1999కూ మధ్య ఉన్న ఐదేళ్లను. ఓడిన మర్నాడు అదే టీ కొట్టు దగ్గరికి వెళ్లి, ఓటు వేయనివాళ్లతో కూర్చోగలవా? ముందు అది తేల్చుకో.

నేను హవల్దారుగా దిగి వచ్చి సర్పంచ్‌నైన కొత్తలో మన చివరి పొలాలకు సాగర్ ఎడమ కాలువ నీళ్లు అందేవి కావు. రైతులను పిలిచి, "రేపు ఉదయం ఆరింటికల్లా అందరూ పారలతో తూము దగ్గర ఉండాలి" అన్నాను. ఆరింటికి అక్కడ నేనూ, కాలువ నీళ్లు చూసుకునే లష్కరూ తప్ప ఎవరూ లేరు. నాకు కోపం వచ్చింది. సాయంత్రానికి చల్లబడి ఇల్లిల్లూ తిరిగాను. ఒక ముసలాయన మంచం మీద కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, ముప్పై ఏళ్ల నాటి గట్టు తగాదా మొదటినుంచీ చెప్పాడు. గంటన్నర విన్నాను. పిల్లకాలువ పూడిక ఎందుకు తీయడం లేదో ఆ తగాదాలోనే ఉంది. మూడోరోజు నలభై పారలు వచ్చాయి.

పల్టన్‌లో నీ మాటకు వెనక హోదా ఉంటుంది. ఇక్కడ నీ గడప తొక్కిన వితంతువుకు నీ మీద అధికారం ఉంటుంది. "దరఖాస్తు పెట్టుకో అమ్మా" అని పంపేయకు. కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ఆ కాగితం నువ్వే చదువు.

డబ్బు మాట. అసెంబ్లీ అభ్యర్థి మన దగ్గర 40 లక్షల వరకు ఖర్చు పెట్టవచ్చని ఎన్నికల సంఘం పరిమితి. నీ గ్రాట్యుటీలో ఒక్క రూపాయి కూడా అందులో పెట్టకు. అది పిల్లల చదువుది.

దిగిన మర్నాడే నా దగ్గరికి రా. తెల్లవారకముందే కాలువ గట్టున బయలుదేరితే ఎండ ఎక్కేలోపు మూడు ఊళ్లు తిరగవచ్చు. మాట్లాడేది వాళ్లు. నువ్వు ఒక నోటు పుస్తకం తెచ్చుకో.

ఆశీస్సులతో,
నీ మేనమామ