డీఅడిక్షన్ సెంటర్‌లోని ఫైలు ఎవరి చేతికి వెళ్లొచ్చు?

ప్రశ్న: తాగుడు మానాలని రెండేళ్ల కిందట ఓ డీఅడిక్షన్ సెంటర్‌లో చేరి చికిత్స తీసుకున్నాను. ఇప్పుడు మందు ముట్టడం లేదు. ఒక పెళ్లి సంబంధం ఖాయమయ్యేలా ఉంది. అమ్మాయి తరఫు బంధువొకరు ఆ సెంటర్‌కు ఫోన్ చేసి నా గురించి ఆరా తీశారట. వాళ్లు నా వివరాలు చెప్పేయవచ్చా? రేపు కంపెనీ వాళ్లో, పోలీసులో అడిగితే?

జవాబు: చెప్పకూడదు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం మద్యం, మత్తుమందుల వాడకంతో ముడిపడిన మానసిక సమస్యలు కూడా మానసిక అనారోగ్యం కిందికే వస్తాయి. అందువల్ల చికిత్స వివరాలను గోప్యంగా ఉంచుకునే హక్కు సెక్షన్ 23 కింద మీకు ఉంది. ‘ఆయన మా దగ్గరే ఉండేవారండీ, డిశ్చార్జ్ అయి చాలా రోజులైంది’ అని రిసెప్షన్‌లో ఎవరో ఫోన్‌లో అన్నా ఆ హక్కుకు భంగమే. జబ్బు పేరు చెప్పలేదు కదా అంటే కుదరదు. అక్కడ చేరారని తెలిస్తే ఇంక దాచడానికి ఏం మిగులుతుంది? కంప్యూటర్‌లో, ఫోన్‌లో ఉన్న సమాచారానికీ ఇదే రక్షణ ఉందని సెక్షన్ 24 చెబుతోంది.

మినహాయింపులు ఉన్నాయి. మీకు చికిత్స చేసే ఇతర వైద్యులకు, మీ నామినేటెడ్ ప్రతినిధికి (చికిత్స విషయాల్లో మీ తరఫున ఉండేందుకు నియమితులైన వ్యక్తికి) అవసరం మేరకు చెప్పవచ్చు. ఇతరులకు హాని జరగకుండా ఆపడానికి, ప్రాణాపాయం తప్పించడానికి, ప్రజా భద్రత కోసం, హైకోర్టు లేదా అధికారం ఉన్న సంస్థ ఆదేశిస్తే కూడా వెల్లడించవచ్చు. పెళ్లికొడుకుకు హెచ్ఐవీ ఉన్న సంగతి ఆసుపత్రి ద్వారా బయటపడిన కేసులో, కాబోయే భార్య ప్రాణానికి ముప్పు ఉందన్న కారణంగా 1998లో సుప్రీంకోర్టు ఆసుపత్రిని తప్పుపట్టలేదు. దాన్ని మీకు అన్వయించడం సరికాదు. మానేసిన తాగుడు ఎవరి ప్రాణానికీ ముప్పు కాదు.

పోలీసులు నోటిమాటగా అడిగితే ఇవ్వనక్కర్లేదు. చట్టప్రకారం రాతపూర్వక ఉత్తర్వు వస్తేనే సెంటర్ ఆలోచించాలి. గంజాయి వంటివి వాడినవారు పోలీసుల భయంతో చికిత్సకే రారు, అది నన్ను చాలా బాధపెడుతుంది. తక్కువ పరిమాణంతో పట్టుబడినవారు గానీ, వాడకం కేసు ఎదుర్కొంటున్నవారు గానీ స్వచ్ఛందంగా ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రంలో చేరి చికిత్స పూర్తిచేస్తే, మత్తుమందుల నియంత్రణకు ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం సెక్షన్ 64ఏ ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది.

కంపెనీ సంగతికొస్తే, మీరు సంతకం చేసే కాగితాలే చూసుకోవాలి. ‘ఏ ఆసుపత్రి నుంచైనా నా వైద్య వివరాలు సేకరించవచ్చు’ అన్న వాక్యం ఉంటే దాన్ని కొట్టేయించండి, లేదా ఏ వివరం ఎందుకు కావాలో రాయించుకోండి. బీమా ప్రపోజల్ ఫారంలో మాత్రం అడిగినదానికి నిజమే రాయాలి. దాస్తే క్లెయిమ్ దగ్గర చిక్కులొస్తాయి.

ఇక పెళ్లి. సెంటర్ నోరు మెదపకూడదన్నంత మాత్రాన మీరు కూడా దాచాలని కాదు. ముఖ్యమైన విషయం దాచి మోసంతో సమ్మతి పొందారని తేలితే, హిందూ వివాహ చట్టం సెక్షన్ 12 కింద పెళ్లి రద్దు కోరవచ్చు. మోసం బయటపడిన ఏడాదిలోగా ఆ పిటిషన్ వేయాలి. మీ కేసులో అది నిలుస్తుందో లేదో వేరే సంగతి, కానీ ఆ అమ్మాయికి నేరుగా మీరే చెప్పడం మంచిదని నా గట్టి అభిప్రాయం. ఎవరో బంధువు ఆరా తీసి తెచ్చిన మాట కంటే మీ నోటి మాటకే విలువ ఉంటుంది.

ఈలోగా సెంటర్‌కు స్పీడ్ పోస్టులో ఒక లేఖ పంపండి: ‘నా రాతపూర్వక అనుమతి లేకుండా నా వివరాలు ఎవరికీ ఇవ్వవద్దు, ఇప్పటికే ఎవరికైనా ఇచ్చి ఉంటే తెలియజేయండి.’ మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సెక్షన్ 25 కింద మీ రికార్డు ప్రతిని కూడా అడగండి. నిజంగానే బయటపెట్టారని తేలితే మొదట సెంటర్ బాధ్యుడికి, అక్కడ న్యాయం జరగకపోతే మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకు ఫిర్యాదు చేయండి. ఈ చట్టాన్ని తొలిసారి ఉల్లంఘిస్తే 6 నెలల వరకు జైలు, 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.