ఒకే పేరు, రెండు నౌకలు

ప్రశ్న: 1971 యుద్ధంలో పాల్గొన్న విక్రాంత్ నౌక సేవలు 1997లోనే ముగిశాయని చదివాను. 2022లో విక్రాంత్ మళ్లీ నౌకాదళంలో చేరిందన్నారు. పాత నౌకనే బాగు చేశారా? అలాగే శత్రువు ముంచేసిన ఖుక్రీ పేరును మరో నౌకకు పెట్టడం అశుభం కాదా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: అవి రెండు వేర్వేరు నౌకలు. బ్రిటన్‌లో హెర్క్యులిస్ పేరుతో నిర్మాణం మొదలై, రెండో ప్రపంచ యుద్ధం ముగియడంతో అసంపూర్తిగా మిగిలిన నౌకను మన దేశం 1957లో కొని, బెల్‌ఫాస్ట్‌లో పూర్తి చేయించి, 1961 మార్చి 4న విక్రాంత్ పేరుతో నౌకాదళంలో చేర్చుకుంది. సేవలు ముగిశాక అది ముంబైలో కొంతకాలం ప్రదర్శనశాలగా ఉంది. 2014లో దాన్ని విడగొట్టారు. ఇప్పటి విక్రాంత్ కొచ్చిన్ షిప్‌యార్డులో తయారైన 262 మీటర్ల పొడవైన నౌక. పాతదాని నుంచి దీనికి పేరుతోపాటు నౌకను గుర్తించే ఆర్11 అనే సంఖ్య, 'జయేమ సం యుధి స్పృధః' అనే ఋగ్వేద వాక్యం వారసత్వంగా వచ్చాయి.

మీ రెండో ప్రశ్నకు కొంచెం వివరంగా జవాబు చెప్పాలి. 1971 డిసెంబర్ 9 రాత్రి డయ్యూ తీరానికి దూరంగా, పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ ప్రయోగించిన టార్పెడో తగిలి ఖుక్రీ మునిగిపోయింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు ప్రాణాలు కోల్పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా నౌకను విడిచిపెట్టకుండా దానితోనే వెళ్లిపోయారు. మరణానంతరం ఆయనకు మహావీర చక్ర ప్రకటించారు. 1989 ఆగస్టు 23న, మజగాం డాక్ నిర్మించిన కొత్త యుద్ధనౌకకు నౌకాదళం ఆ పేరే పెట్టింది. అకాలమరణం పొందిన తాతగారి పేరును మనవడికి పెట్టుకునే కుటుంబాలు మన దగ్గర ఎన్నో ఉన్నాయి కదా, అక్కడ ఎవరూ అశుభం అనుకోరు. పేరును పక్కన పెట్టేసి ఉంటే ఆ 194 మంది త్యాగం స్మారకానికే పరిమితమయ్యేది. తిరిగి పెట్టినందువల్ల, తరువాతి ఖుక్రీలో పనిచేసిన ప్రతి నావికుడూ ఆ చరిత్రను తన సొంతంగా మోశాడు. నా దృష్టిలో అంతకంటే గౌరవం మరొకటి లేదు. ఆ రెండో ఖుక్రీ 32 ఏళ్లు పనిచేసి 2021 డిసెంబర్ 23న విశాఖపట్నంలో సేవలు ముగించుకుంది. ఆ తరువాత దాన్ని ప్రజల సందర్శనార్థం డయ్యూకే అప్పగించారు.

విశాఖ వాసులు పొరబడే అవకాశం ఉన్న పేరు రాజ్‌పుత్. 1971 డిసెంబర్ 3 అర్ధరాత్రి ప్రాంతంలో విశాఖ రేవు బయట, విక్రాంత్‌ను వెతుక్కుంటూ వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఉందని అనుమానించిన చోట డెప్త్ చార్జీలు (నీటి లోతులో పేలే బాంబులు) వదిలినది బ్రిటన్ నుంచి వచ్చిన పాత రాజ్‌పుత్. 2021 మే 21న విశాఖలోనే వీడ్కోలు అందుకున్నది 1980లో చేరిన సోవియట్ నిర్మిత రాజ్‌పుత్. ఘాజీ ఘటనతో దానికి సంబంధం లేదు.

సాధారణంగా పాత నౌక సేవల నుంచి తప్పుకున్నాకే ఆ పేరు మరొకదానికి వెళుతుంది కాబట్టి, ఒకే కాలంలో రెండు ఉండవు. అయితే విక్రాంత్ విషయంలో సంఖ్య కూడా ఒకటే కనుక, చరిత్ర రాసేటప్పుడు పేరు పక్కన నౌక చేరిన సంవత్సరం రాయడం మంచిది. 2025 ఆగస్టు 26న విశాఖలో చేరిన ఉదయగిరి, హిమగిరి నౌకలకూ ఇది అవసరమే. ఆ పేర్లతో 1970లలో చేరిన యుద్ధనౌకలు ఇదివరకు ఉండేవి.