అమ్మాయీ, వాళ్లెందుకు వచ్చారో అడుగు

చిరంజీవి స్వాతికి,

పిన్ని ఆశీస్సులు. కొత్త మందుల్ని మనుషుల మీద పరీక్షించే క్లినికల్ ట్రయల్స్‌లో కోఆర్డినేటర్‌గా చేరుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. పక్కింటావిడకి కూడా చెప్పి మురిసిపోయాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

ట్రయల్ సీటీఆర్‌ఐలో, అదే మన దేశపు ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదైందా, రోగుల క్షేమం చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా చూసుకో. ఇవన్నీ ట్రైనింగ్‌లో చెబుతారు. రోగి ఎందుకు ఒప్పుకున్నాడన్నది మాత్రం నువ్వే అడిగి తెలుసుకోవాలి.

నేను అడగలేదు. స్టడీ నర్సుగా ఉన్న రోజుల్లో షుగర్ మందు ట్రయల్‌కి ఒక కౌలు రైతు వచ్చాడు. పదిహేను పేజీల సమ్మతి పత్రం గబగబా చదివేశాను. పాత మందులకి తోడు కొందరికి కొత్త మందు, కొందరికి ఉత్తుత్తి మాత్ర పడుతుందనీ, ఎవరికేదో మాకూ తెలియదనీ చెప్పాను. "డాక్టరు గారు చెప్పాక ఇంకేముందమ్మా" అని వేలిముద్ర వేసి, సిరా తలగుడ్డకి తుడుచుకున్నాడు. సాక్షి సంతకమూ ఉంది. కాగితం మీద తప్పే లేదు.

ఆరు నెలలూ ఒక్క విజిట్ తప్పలేదు. వచ్చినప్పుడల్లా సంచిలో వంకాయలు. తీసుకోకూడదు, తీసుకున్నాను. చివరి రోజున "మళ్లీ ఎప్పుడు రమ్మంటావమ్మా?" అన్నాడు. అయిపోయింది పెద్దయ్యా అన్నాను. "మరి నా రక్తం ఎవరు చూస్తారు?"

ఆయన కొత్త మందు కోసం రాలేదే! పైసా ఖర్చు లేని పరీక్ష కోసం, వరస పెట్టి పలకరించి కాళ్లకి పుండ్లున్నాయేమో చూసే మనిషి కోసం వచ్చాడు. ఎప్పుడు ఆగిపోతుందో ఆ పేజీల్లో ఉంది. ఆయన చెవిన పడేలా నేను చెప్పలేదు.

ఇక మందు లేదన్నాక ఆశతో వచ్చే క్యాన్సర్ పేషెంట్లుంటారు. నాకు కాకపోయినా నా పిల్లలకి పనికొస్తుందనేవాళ్లూ ఉంటారు. డాక్టరు మాట కాదనలేక తలూపేవాళ్లతోనే భయం నాకు. వాళ్లని ఇంట్లో మాట్లాడి రమ్మను. వద్దన్నా మామూలు వైద్యం ఆగదనీ, మధ్యలో మానేయొచ్చనీ వాళ్ల నోటితో తిరిగి చెప్పించు. 2009లో ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకాలు వేసినప్పుడు ఎన్నో ఫారాల మీద తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. నువ్వప్పుడు చిన్నపిల్లవి. టార్గెట్ అని పైనుంచి తొందరపెట్టినప్పుడు అది తలుచుకో.

పొద్దున్నే టిఫిన్ చేసి వెళ్లు. ఫాస్టింగ్ రక్తం ఇవ్వాల్సింది రోగులే, నువ్వు కాదు. మొదటి పేషెంట్ చేరిన రోజు ఫోన్ చెయ్యి. ఎందుకు వచ్చాడో చెప్పు.

మీ పిన్ని