‘నిషేధించాడు’ అన్న ఒక్క మాట గురించి

అమ్మాయీ,

నీ కథ రెండుసార్లు చదివాను. గాజు పళ్ళెం ముందు రాత్రంతా కూర్చునే ఆ పరిశోధకురాలి ఒంటరితనం బాగుంది. కానీ నాలుగో పేజీలో ‘2001లో అమెరికా అధ్యక్షుడు బుష్ మూలకణ పరిశోధనను నిషేధించాడు’ అని రాశావే, అక్కడ కాగితాలు బల్ల మీద పడేసి లేచిపోయాను. ఏ పత్రికకు పంపాలన్న నీ ప్రశ్నను పక్కనపెట్టి, ముందు ఈ ఒక్క క్రియాపదం సంగతి చూస్తాను.

బుష్ నిషేధించలేదు. ఆగస్టు 9 రాత్రి టీవీలో అతను చెప్పినది, అప్పటికే ఉన్న పిండ మూలకణ శ్రేణుల (పిండం నుంచి తీసి పళ్ళెంలో పెంచుతూ పోయే, ఏ రకం కణంగానైనా మారగల కణాల) మీద పనికి మాత్రమే కేంద్ర ప్రభుత్వ నిధులిస్తామని, ఆ పైన పిండాలను చిదిమి తీసే కొత్త శ్రేణులకు ఇవ్వమని. సొంత సొమ్ముతో చేసుకునేవారిని అతను ఆపలేదు కనుకనే 2004లో కాలిఫోర్నియా ఓటర్లు ఇదే పనికి 300 కోట్ల డాలర్లు మంజూరు చేసుకోగలిగారు. ‘ఉన్నాయి’ అని ప్రకటించిన 64 శ్రేణుల్లో పది మన దేశానివే, ముంబైలో ఏడు, బెంగళూరులో మూడు; అయితే మొత్తంలో పరిశోధకుల చేతికి అందినవి ఇరవై చిల్లర మాత్రమే. కేంద్రం డబ్బుతో కొన్న మైక్రోస్కోపుతో కొత్త కణాలను చూడకూడదు కనుక, ఒకే పనికి రెండేసి పరికరాలు కొనుక్కున్న ప్రయోగశాలలున్నాయి. నీ కథ ఆ రెండో మైక్రోస్కోపు దగ్గర ఉంది. ‘నిషేధించాడు’ అనేసరికి నీ నాయిక జైలుకు భయపడే మనిషైపోయింది. నిజానికి ఆమె భయపడవలసింది లెక్కల గుమాస్తాకి.

తెలుగు వాక్యం భారమంతా చివరి క్రియ మీదే మోపుతుంది, అది తప్పితే ముందున్న పదాలన్నీ అబద్ధానికి సాక్ష్యం పలుకుతాయి. కొరియా శాస్త్రవేత్త హ్వాంగ్ ఊ-సుక్ ప్రయోగశాలలోని యువతులు ‘అండాలు దానం చేశారు’ అని ఇంకోచోట రాశావు. వాళ్ళు తమంతట తామే ఇచ్చారని ఆయనా అన్నాడు. భవిష్యత్తు ఎవరి చేతిలో ఉందో ఆ గురువుకు శిష్యురాలు ఇచ్చేది దానమెలా అవుతుంది? డబ్బు పుచ్చుకుని ఇచ్చిన స్త్రీలూ ఉన్నారు. 2,000కు పైగా అండాలు వాడి, క్లోనింగ్ చేసిన పిండాల నుంచి తీశానని ఆయన ప్రకటించిన మూలకణాలు అసలు లేవని తేలి, 2006 జనవరిలో ‘సైన్స్’ పత్రిక ఆయన రెండు పరిశోధన పత్రాలనూ ఉపసంహరించింది. ఈలోగా, 2005లో, చక్రాల కుర్చీలోంచి లేచి అడుగులు వేసే మనిషి బొమ్మతో అక్కడ తపాలా బిళ్ళే వేశారు!

నవ్వకు, మనమూ అంతే. ఒకప్పుడు ఒక వారపత్రికకు నేను ‘మూలకణాలు వెన్నుపాము గాయాలకు పనికొస్తాయేమోనని పరీక్షిస్తున్నారు’ అని రాసిస్తే, సంపాదకుడు శీర్షికలో ‘నయం చేస్తాయి’ అని దిద్ది, పాఠకుడికి ఆశ కావాలండీ, మీ నసుగుడు కాదు అన్నాడు. పది రోజులకు, కండరాల క్షీణతతో మంచం పట్టిన కుర్రాడి తండ్రి కార్డు రాశాడు: ఎకరం బేరం పెట్టాను, ఏ ఊరు రమ్మంటారు? వెంటనే వద్దని రాశాను. అది అందేలోపు పొలం చేతులు మారిందో లేదో నాకు ఈనాటికీ తెలియదు.

2007లో మన దేశపు మూలకణ మార్గదర్శకాల పేరులో ‘పరిశోధన’తోపాటు ‘చికిత్స’ కూడా ఉండేది. రుజువుకానిదాన్ని చికిత్స అనకూడదని 2013లో ఆ మాట తీసేశారు. ఇంత మంచి దిద్దుబాటు నేను ఏ సంపాదకుడి దగ్గరా చూడలేదు. అలాగని ‘నయమవుతుంది’ అన్న క్రియ ఎక్కడా చెల్లదని కాదు: సున్నమో ఆమ్లమో పడి కాలిన కంటికి, నల్లగుడ్డు అంచునుండే మూలకణాలు తీసి అతికే పద్ధతి హైదరాబాదు ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో 2001 నుంచి సాగుతోంది. ఆ గాయం మటుకు ఆ క్రియను సంపాదించుకుంది.

కథను ఆ రెండో మైక్రోస్కోపు కొన్న రోజునుంచి మొదలుపెట్టి తిరిగి రాయి. అది ఎవరి డబ్బో మొదటి పేరాలోనే తెలియాలి.

ఆశీస్సులతో.