ఈమధ్య చూసిన సినిమాలు, సిరీస్‌లు, చదివిన ప్రేమ నవలల్లో మీకు ఏది నచ్చింది, ఏది నచ్చలేదు?

ముందే ఒక మాట చెప్పేస్తా. నేను కావలిలో ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. వడ్ల బస్తాలు, తరుగు, హమాలీ కూలి, రైతులకి ఇవ్వాల్సిన బాకీలు, పొద్దస్తమానం ఇదే పని. అందువల్లో ఏమో, ప్రేమకథ ఏది చూసినా నాకు ముందు వచ్చే అనుమానం "వీళ్లకి ఇల్లు ఎట్టా గడుస్తుంది?" అని. హీరో ఏం పని చేస్తాడో, హీరోయిన్ చేతిలో సొంత డబ్బు ఏమన్నా ఉందో లేదో చెప్పకుండా వానలో పాట పెట్టేస్తే నాకు కథ ఎక్కదు. "నువ్వు సినిమాకి రాలేదు, ఆడిట్‌కి వచ్చినావు" అంటాడు మా ఆయన. అననీండి. నా అభిప్రాయాలన్నీ ఆ లెక్కన చెప్పేవే, నచ్చకపోతే ఇక్కడే వదిలేయొచ్చు.

అన్నిటికన్నా బాగా నచ్చింది 'వెన్ లైఫ్ గివ్స్ యూ టాంజరిన్స్' అనే కొరియా సిరీస్. 2025 మార్చిలో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది, వారానికి నాలుగు చొప్పున మొత్తం 16 ఎపిసోడ్లు. జేజు దీవిలో కథ. ఏ-సున్ అనే పిల్లకి కవిత్వం పిచ్చి. వాళ్లమ్మ సముద్రంలో మునకేసి నత్తలు ఏరి బతికే మనిషి. గ్వాన్-సిక్ అని ఒక పిల్లోడు, నోట్లో మాట ఉండదు, చిన్నప్పటి నుంచి ఏ-సున్ వెనకాలే. బజార్లో ఆమె క్యాబేజీలు పెట్టుకుని, అరవడానికి సిగ్గేసి పుస్తకంలో తల దూరిస్తే, వాటిని అమ్మిపెట్టేది వీడే. ప్రేమిస్తున్నానని చెప్పడం కంటే ముందే క్యాబేజీ అమ్మాడు చూడండి, అప్పుడే నాకు మార్కులు పడిపోయినాయి.

దీన్ని మా అత్తమ్మతో కలిసి చూశా. ఆమెది రామాయపట్నం దగ్గర ఊరు, సముద్రం గాలికి పెరిగిన మనిషి. కింద పడే ఇంగ్లీషు నేను చదివి తెలుగులో చెప్తుంటే, ఆమె కత్తిపీట ముందేసుకుని చింతపండు గింజలు తీస్తా చూసేది. పెళ్లైన కొత్తలో అత్తగారింట్లో భోజనం సీన్ ఒకటుంది. మగాళ్లంతా పెద్ద బల్ల దగ్గర, ఏ-సున్, ఆడాళ్లు, పిల్లలు వెనకాల పక్కన. గ్వాన్-సిక్ ఏమీ మాట్లాడకుండా, ఎవరితోనూ పోట్లాడకుండా, కూర్చున్నోడు కూర్చున్నట్టే పెళ్లాం వైపుకి తిరిగి తినడం మొదలుపెడతాడు. అంతే సీను. అత్తమ్మ గింజ తీయడం ఆపేసి "ఒకసారి వెనక్కి పెట్టు" అంది. మళ్లీ పెట్టా. "మీ మామకి కూరలో ఉప్పు తగ్గితే కంచం తోసేసేదే తెలుసు. ఈ బిడ్డ చూడు" అంది. ఆ వెంటనే, "సరే గానీ, వాళ్లమ్మ ఊరుకుంటుందా?" అని అడిగింది. ఊరుకోదు. ఆ తర్వాత కథంతా అదే.

ఇందులో డబ్బు దాచలేదు, అది నాకు నచ్చింది. ఇంట్లో గింజ లేని రోజుల్లో ఇంటి ఓనర్లయిన ముసలి మొగుడూ పెళ్లాలు చప్పుడు చేయకుండా వీళ్ల బియ్యం కుండలో బియ్యం పోసి పోతారు. కూతుర్ని జపాన్‌కి చదువుకి పంపడానికి ఉన్న ఇల్లు అమ్మేస్తారు. ఆ ఇల్లు అమ్మడం పెద్ద మ్యూజిక్ పెట్టి త్యాగంలా చూపిస్తే నాకు నవ్వొచ్చేది. ఇక్కడ ఆ అమ్మకం తర్వాత ఆ కూతురికే అమ్మానాన్నల మీద విసుగు, ఫోన్లో కసురుకోవడం కూడా చూపించారు. మా ఊళ్లో ఎకరం అమ్మి కొడుకుని ఆస్ట్రేలియా పంపిన ఇళ్లు నాకు తెలుసు. ఆ ఫోన్లూ ఇట్టాగే ఉంటాయి.

గ్వాన్-సిక్ లాంటి మొగుడు నిజంగా ఉండడని చాలామంది అన్నారు. నేను ఒప్పుకోను. వాడు మంచోడు కాబట్టి నమ్మలేదు నేను, పడవ మీద చేసి చేసి అరిగిపోయిన వాడి చేతులు చూపించారు కాబట్టి నమ్మా. లోపం లేదా అంటే ఉంది. రెండో సగంలో కూతురి ప్రేమల దగ్గర కథ నీళ్లు కలిపిన పాలలాగా పల్చబడింది. చివరి ఎపిసోడ్లలో ఏడుపు కొంచెం తగ్గించినా కొంప మునిగేది కాదు.

తర్వాత 'ది గర్ల్‌ఫ్రెండ్'. రాహుల్ రవీంద్రన్ తీసింది, 2025 నవంబర్ 7న వచ్చింది. హాల్లోనే చూశా. సూళ్లూరుపేటలో 106 అడుగుల వెడల్పు తెర ఉంది కదా, 2019లో 'సాహో'తో మొదలైంది, మా ఇంట్లో మగాళ్లకి సినిమా అంటే అక్కడికి పోవడమే. ఇట్టాంటి సినిమాకి అంత తెర అక్కర్లేదని నేను మా ఊళ్లోనే చూసేశా. రష్మిక భూమాగా చేసింది, దీక్షిత్ శెట్టి విక్రమ్‌గా. విక్రమ్ చెడ్డోడిలా కనపడడు, అదే సినిమా తెలివి. మెల్లమెల్లగా ఆ పిల్ల టైమంతా వాడిదైపోతుంది. వాడి గది సర్దే పని కూడా ఎప్పుడు ఆమె మీద పడిందో మనకే తెలియదు. మా వెనక వరసలో కాలేజీ పిల్లోళ్లు మొదట్లో విక్రమ్‌కి ఈలలేశారు. విక్రమ్ వాళ్లమ్మ, రోహిణి, వచ్చిన సీనుకి ఈలలు లేవు. ఆమె ఒక్క ముక్క మాట్లాడదు, ఎదుటి మనిషి కళ్లలోకి చూడదు. భూమా ఆమెని చూసి తన ముందున్న ముప్పై ఏళ్లూ చూసుకుంటుంది. ఈ ఒక్క సీనుకి టికెట్ డబ్బులు ముట్టినాయి.

నాకు కొరతగా అనిపించింది ఒకటే. ఆ పిల్ల చదువు, ఖర్చు అంతా నాన్న చేతిలో ఉంది. రావు రమేష్ చేసిన ఆ నాన్న కూడా విక్రమ్‌కి తక్కువేం కాదు. ఇద్దరికీ ఎదురు తిరగాలంటే చేతిలో నాలుగు రూపాయలు ఉండాలి. మనసులో జరిగేదంతా వివరంగా చూపించిన డైరెక్టరు ఈ సంగతి మీద ఇంకాస్త నిలబడి ఉంటే బాగుండేది అనిపించింది.

ఆ ఊపులో ఇంటికొచ్చి యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' మళ్లీ తీశా. 1960ల్లో 'జ్యోతి' మాసపత్రికలో సీరియల్‌గా వచ్చిన నవల. మా అమ్మ కాలంలో ట్రంకు రోడ్డు పక్క సందులో బాడుగ పుస్తకాల అంగడి ఉండేది. అది మూసేసినప్పుడు కొన్నవే మా ఇంట్లో ఉన్నాయి. మా 'సెక్రటరీ'లో హీరో రాజశేఖరం వచ్చే పేజీల పక్కన ఎవరో ఆకుపచ్చ ఇంకుతో "అబ్బ!" అని రాసిపెట్టారు. ఇంకో చేతిరాత దాని కింద "నీకంత లేదులే" అని రాసింది. అసలు నవల కంటే ఆ ఇద్దరి సంభాషణ నాకు ఇష్టం.

ఇప్పటి పిల్లలు ఈ నవలల్ని 'ఆరడుగుల హీరో, పెద్ద కారు' అని ఎగతాళి చేస్తారు. సగం నిజమే. రాజశేఖరం మనసులో మాట బయటపెట్టడు, ఎదుటి మనిషి కనిపెట్టుకోవాలి. పదహారేళ్లప్పుడు అది గంభీరంగా అనిపించింది, ఇప్పుడు మా మిల్లు ఓనరు గుర్తొస్తాడు. ఆయన కూడా ఏ సంగతీ చెప్పడు, మనమే కనిపెట్టుకోవాలి. కానీ హీరోయిన్ జయంతిని మాత్రం తీసిపారేయకండి. బామ్మ చేతిలో పెరిగిన పిల్ల, ఉద్యోగం ఆమెకి సరదా కాదు, అవసరం. జీతం ఇచ్చే మనిషితోనే మనసు ముడిపడితే ఆత్మగౌరవం ఎక్కడ పెట్టుకోవాలన్నది ఆ రోజుల్లో ఉద్యోగానికి బయల్దేరిన ఆడపిల్లలకి నిజమైన ప్రశ్న. ఇప్పటికీ ప్రశ్నే. ఆ నవల ఇన్నేళ్లు నిలబడిందంటే కారు వల్ల కాదు, ఆ పిల్ల జీతం వల్ల. 1976లో సినిమాగా తీసినప్పుడు జయంతిగా మా నెల్లూరు వాణిశ్రీ చేసింది, పక్కన నాగేశ్వరరావు. తల ఎత్తి సమాధానం చెప్పే సీన్లు ఆమెకి రాసిపెట్టినట్టు ఉంటాయి.

'లిటిల్ హార్ట్స్' గురించి అందరూ అడుగుతున్నారు. 2025 సెప్టెంబర్ 5న వచ్చింది, సాయి మార్తాండ్ డైరెక్టరు. మౌళి, శివానీ నాగరం. ఎంసెట్‌లో దెబ్బతిని లాంగ్ టర్మ్ కోచింగ్‌లో చేరిన అబ్బాయి, అక్కడే మెడిసిన్ కోసం చదువుతున్న అమ్మాయి. నవ్వడానికి నవ్వా, బాగానే నవ్వా. మౌళి మొహం చూస్తేనే నవ్వొస్తుంది. కానీ లాంగ్ టర్మ్ అంటే నెల్లూరోళ్లకి జోకు కాదండీ. ఆదివారం పూట ఆ హాస్టళ్ల గేట్ల దగ్గరికి పోయి చూడండి. ఉదయగిరి నుంచి, కనిగిరి నుంచి బస్సుల్లో వచ్చిన అమ్మానాన్నలు చెట్టు కింద న్యూస్‌పేపర్ పరిచి, క్యారియర్ విప్పి, పిల్లోడికి తినిపిస్తా ఉంటారు. పిల్లోడు తల వంచుకుని తింటాడు. నాన్న మార్కులు అడగాలా వద్దా అని చూస్తా ఉంటాడు. ఫీజు సగమే కట్టినాడని ఆయన మొహం చూస్తే తెలుస్తుంది. ఆ బరువు ఈ సినిమాలో నవ్వుల కింద పడిపోయింది. కామెడీకి అంత బరువు ఎందుకు అంటారా, ఈ సినిమాని నిర్మించిన ఆదిత్య హాసనే 2024 జనవరిలో ఈటీవీ విన్‌లో '90స్' తీసి చూపించాడు కదా. లెక్కల మాస్టారు జీతంతో ముగ్గురు పిల్లల ఇల్లు, ఆరు ఎపిసోడ్లు, రూపాయి రూపాయికీ నవ్వొస్తుంది. అది ప్రేమకథ కాదు గానీ, శివాజీ, వాసుకి చేసిన ఆ మొగుడూ పెళ్లాలే నాకు ఈ రెండిట్లో మంచి జంట.

'సీతారామం' ఇన్నాళ్లకి చూశా. అందంగా ఉంది. పాటలు బాగున్నాయి. అంతకు మించి నాకేం అనిపించలేదు, తిట్టుకోండి.

ఇక 'బ్రిడ్జర్టన్', నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చే ఇంగ్లీషు సిరీస్. మా ఆఫీసులో కంప్యూటర్ పని చేసే అమ్మాయి బలవంతం మీద రెండో సీజన్ నుంచి మొదలుపెట్టా, 2022లో వచ్చింది. గౌన్లు, డాన్సులు చూసి ఇది నాకు కాదనుకున్నా. తీరా చూస్తే కథంతా కట్నం మీదే! కేట్ అని ఇండియా నుంచి లండన్ వచ్చిన పెద్దమ్మాయి, చెల్లెలికి పెళ్లి చేయాలి. ఆ చెల్లెలు పెద్దింటి ఇంగ్లీషోణ్ణి చేసుకుంటేనే అమ్మమ్మ తాతలు కట్నం ఇస్తారంట. ఆ సంగతి కేట్ ఒక్కతే కడుపులో పెట్టుకుని తిరుగుతుంది. అక్క చెల్లెలి తలకి నూనె రాసే సీను చూసినప్పుడు మాత్రం లండన్ అన్న సంగతే మర్చిపోయా.

అది చూసి, ఆ సిరీస్‌కి మూలమైన జూలియా క్విన్ పుస్తకాల్లో ఒకటి చదివా, 'యాన్ ఆఫర్ ఫ్రమ్ ఎ జెంటిల్‌మన్'. 2001 నాటిది, 2026లో వచ్చిన నాలుగో సీజన్ దీని మీదే తీశారు. సీజన్ ఇంకా చూడలేదు. సోఫీ ఒక ప్రభువుకి పెళ్లి కాకుండా పుట్టిన కూతురు. ఆయన పోయాక సవతితల్లి ఆమెని ఇంట్లో పనిమనిషిని చేస్తుంది. వెళ్లగొట్టొచ్చు కదా అంటే, వీలునామాలో ఒక మెలిక ఉంది. సోఫీకి ఇరవై ఏళ్లు వచ్చేదాకా ఇంట్లో ఉంచుకుంటే సవతితల్లికి వచ్చే డబ్బు మూడింతలవుతుంది. ఇట్టాంటి వీలునామా మెలికలు మా మిల్లు ఓనరు కుటుంబంలో చూశా కాబట్టి ఒక్క రాత్రిలో సగం చదివేశా. హీరో బెనెడిక్ట్ ఆ పిల్లని పెళ్లి చేసుకోనంటాడు, ఉంచుకుంటానంటాడు. ఆమె కుదరదంటుంది, తన లాంటి బిడ్డ ఇంకోటి పుట్టకూడదని. అక్కడిదాకా బాగుంది. ఆ తర్వాత వాళ్లమ్మ దగ్గర పనికి రాకపోతే నిన్ను పోలీసులకి పట్టిస్తానన్నట్టు బెదిరిస్తాడు, దాన్ని రచయిత్రి ప్రేమ కిందే రాసింది. అక్కడ నాకు బెనెడిక్ట్ అంటే అసహ్యం పుట్టింది, చివరిదాకా పోలేదు.

ఈ కథ అత్తమ్మకి చెప్పా, వంటింట్లో పప్పు ఏరుతుంటే. మాస్కులేసుకుని డాన్సు చేయడం, వెండి గౌను, అవేవీ ఆమెకి పట్టలేదు. "అన్నేళ్లు చాకిరీ చేయించుకున్నారే, ఆ పిల్లకి రావాల్సింది ఏమైంది?" అని అడిగింది. తండ్రి రాసిపెట్టిన కట్నాన్ని సవతితల్లి దాచేసిందని చివర్లో బయటపడుతుంది. అది చెప్పేదాకా నన్ను వంటింట్లోంచి కదలనీలేదు.