గ్యారేజీ వర్క్‌షాపుకి గ్యాస్ హీటర్: వెంట్‌లెస్ వద్దండి

అమెరికాలోని మిన్నెసోటాలో ఇంటిని ఆనుకుని ఉన్న రెండు కార్ల గ్యారేజీ, అందులో వడ్రంగం పని, గోడకి తగిలించే 30,000 బీటీయూ (హీటర్ వేడిని గంటకి ఇంత అని కొలిచే లెక్క) వెంట్‌లెస్ హీటర్ చవగ్గా వస్తోంది, పెట్టుకోవచ్చా అని అడిగారు. నేనూ మినియాపాలిస్ శివార్లలోనే ఉంటాను. నాదీ అలాంటి గ్యారేజీయే, మీకున్న పిచ్చే నాకూ ఉంది. వద్దండి, అది కొనకండి.

వెంట్‌లెస్ అంటే గ్యాస్ మండగా వచ్చేదంతా మీరు నిలబడ్డ చోటికే వస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ భయం అందరికీ తెలిసిందే. కొట్లో వాళ్లు చెప్పనిది నీటి సంగతి. ఒక పౌను ప్రొపేన్ కాలితే ఒకటిన్నర పౌనుకి పైగా నీరు ఆవిరిగా బయటికొస్తుంది. ఆ ఆవిరి పోయి చల్లటి ఇనుము మీద చేరుతుంది. నా ఫ్రెండ్ గ్యారేజీలో టేబుల్ సా (బల్లకి బిగించిన కరెంటు రంపం) పైభాగం ఒక్క చలికాలంలోనే ఎర్రగా తుప్పు పట్టింది. మైనం రుద్దినా ఆగలేదు.

నేను పెట్టుకున్నది సీలింగుకి వేలాడే 45,000 బీటీయూ యూనిట్ హీటర్, అందులోనూ సెపరేటెడ్ కంబశ్చన్ రకం. మండటానికి కావలసిన గాలిని ఒక పైపుతో బయటి నుంచి తీసుకుంటుంది, పొగని ఇంకో పైపుతో బయటికే పంపుతుంది. గ్యారేజీలోని గాలికి మంటతో పనే లేదు. రంపపు పొట్టు, వార్నిష్ వాసన ఉండే చోట ఇదే ముఖ్యం. మోడీన్ కంపెనీ హాట్ డాగ్ హీటర్లలో హెచ్‌డీ మామూలు రకం, హెచ్‌డీఎస్ అంటే నేను చెప్పేది. ధర ఎక్కువే, కానీ లోభపడాల్సిన చోటు ఇది కాదు. ఇన్‌ఫ్రారెడ్ ట్యూబ్ హీటర్లు కూడా చూసి ఉంటారు. వాటి కింద చాలా ఖాళీ వదలాలి, ఎనిమిది అడుగుల సీలింగుకి కుదరవు.

బీటీయూ లెక్కకన్నా ముందు తలుపు చూసుకోండి. గోడలకి, సీలింగుకి ఇన్సులేషన్ ఉండి, గ్యారేజీ డోర్ అంచుల్లో గాలి దూరకుండా ఉంటే 24 అడుగులకి 24 అడుగుల చోటికి 45,000 సరిపోతుంది. అవి లేకపోతే 75,000 పెట్టినా కాళ్లు గడ్డకడుతూనే ఉంటాయి. ఖర్చంటారా, 45,000 బీటీయూది గంటసేపు ఆగకుండా మండితే 0.45 థర్మ్ (గ్యాస్ బిల్లులో వాడే యూనిట్, లక్ష బీటీయూలు). బిల్లులో థర్మ్ ధర చూసి గుణించుకోండి, వచ్చే అంకె చూసి పెద్దగా టెన్షన్ పడాల్సిందేమీ ఉండదు.

ఇక గ్యాస్ లైను. మీ ఫర్నేస్, వాటర్ హీటర్, స్టవ్ అన్నీ ఒకే లైను మీద ఉంటాయి కాబట్టి కొత్త హీటర్ని కలిపి పైపు సైజు లెక్క వేయాలి. మామూలు ప్రెషర్లో అర అంగుళం ఇనుప పైపు 50 అడుగుల దూరానికి సుమారు 72,000 బీటీయూ మోస్తుంది, ముప్పావు అంగుళం అయితే 1,50,000 దాకా. హీటర్ దగ్గర షటాఫ్ వాల్వు, దాని తర్వాత పైపులోని చెత్త దిగే డ్రిప్ లెగ్ అనే చిన్న పైపు ముక్క ఉండాలి. బ్రాకెట్లు, థర్మోస్టాట్ వైరు నేనే వేసుకున్నాను. గ్యాస్ కనెక్షను, వెంటు మాత్రం లైసెన్సున్న మనిషికే ఇచ్చి, సిటీ పర్మిట్ తీసుకుని ఇన్‌స్పెక్షన్ చేయించాను. రేపు ఏదైనా జరిగితే ఇన్సూరెన్సు వాళ్లు మొదట అడిగేది ఆ కాగితమే.

గ్యారేజీలో మంట నేలకి కనీసం 18 అంగుళాల పైన ఉండాలన్న నియమం ఉంది, ఎందుకంటే పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, నేలబారుగా పాకుతుంది. సీలింగుకి వేలాడదీస్తే ఆ బాధ ఉండదు. ఆ పక్కా ఈ పక్కా వదలాల్సిన ఖాళీ మాత్రం మాన్యువల్ చూసే వదలండి.

మనవాళ్లలో ఒకరిద్దరు "ఇంటి ఫర్నేస్ డక్టు ఒకటి గ్యారేజీలోకి లాగితే పోలా?" అంటారు. బిల్డింగ్ కోడ్ ఒప్పుకోదు, పైగా కారు పొగ బెడ్‌రూమ్‌లోకి రావటానికి దారి వేసినట్టే.

కార్బన్ మోనాక్సైడ్ అలారం గ్యారేజీని ఆనుకున్న గదిలో పెట్టండి. మామూలు అలారాలు చాలావరకు 40 డిగ్రీల ఫారెన్‌హీట్ కింద పనిచేస్తాయన్న హామీ ఉండదు. లక్కర్ స్ప్రే చేసే రోజు హీటర్ పూర్తిగా ఆపేయండి. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ ఉంటే గ్యారేజీలోంచి తీసేయండి. దాని ఆవిరి వేడికి ఆమ్లంగా మారి హీట్ ఎక్స్‌ఛేంజర్‌ని (మంట వేడిని గాలికి అందించే లోహపు భాగాన్ని) తినేస్తుంది.